బొరియ గుమ్మంలో ముల్లు

మొన్నటి వానల్లో నక్క ఒక పిల్లను ఎత్తుకుపోయినప్పటి నుంచి కుందేలు దూదమ్మకు కంటిమీద కునుకు లేదు. ముళ్లపంది రాల్చిన పొడవాటి ముల్లు ఒకటి ఏరుకొచ్చి, మొన బయటికి ఉండేలా బొరియ గుమ్మంలో పాతింది. దాని పక్కనుంచి మెల్లగా లోపలికి దూరడం మిగిలిన ఒక్క పిల్లకూ నేర్పింది.

"అది తీసెయ్యమ్మా," అన్నాడు పక్క బొరియ తాత. "బెదిరితే మనవాళ్లకు కళ్లు కనపడవు. ఇంటికే పరిగెడతారు."

"నక్క వచ్చిన రోజు నువ్వెక్కడున్నావు తాతా?" అంది దూదమ్మ.



ఒక సాయంత్రం అందరూ మేస్తుండగా ఎండిన తాటిమట్ట దబ్బున రాలింది. నక్కే అనుకుని ఎవరో హెచ్చరికగా వెనక కాలు నేలకేసి కొట్టారు. కుందేళ్లన్నీ చెల్లాచెదురయ్యాయి. దూదమ్మ పిల్ల అందరికన్నా ముందు ఇల్లు చేరింది.

దూదమ్మ వచ్చేసరికి అది గుమ్మంలోనే ఉంది, ముల్లు గుచ్చుకుని, కదలకుండా.

దూదమ్మ ముల్లు పెరికి అవతల పారేసింది. పొరుగు కుందేలు వచ్చి పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. వెళ్లబోతూ ఆగింది.

"వదినా, నీకింక అక్కర్లేదు కదా. ఆ ముల్లు నేను తీసుకోనా? నా ఇంట్లో పిల్లలున్నారు."