పేడలో గోధుమలు

పొద్దున్నే కొట్టం తలుపు తీసిన ఖజానీ కెవ్వుమని అరిచింది. గేదె మోర్నీ తోక, తొడలు, వెనక గోడ, అంతా నీళ్ళలాంటి పేడ. బూడిద రంగులో ఉంది, పుల్లటి కంపు కొడుతోంది. నిన్న సాయంత్రం పాలతో బకెట్లు నింపినది ఇప్పుడు నేలమీద కూలబడి పళ్ళు పటపటా నూరుతోంది.

"ఇదిగో, ఇటు రా! మోర్నీ లేవట్లేదు!"

దయాచంద్ హుక్కా వదిలేసి పరుగున వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. మధ్యాహ్నానికి బేరగాడి లారీ వస్తుంది. గేదె లారీ ఎక్కితేనే కాలిపోయిన బోరుకి కొత్త మోటారు. మోటారు తిరిగితేనే ఎండిపోతున్న గోధుమ చేనుకి తడి.

వెంటనే పశువుల డాక్టరుకి ఫోన్ చేశాడు. ఫోన్ జేబులో పెట్టి పెళ్ళాం మీదకి తిరిగాడు.

"ఏం పెట్టావే దీనికి?"

"రోజూ పెట్టేదే. పొట్టు, పచ్చిమేత, కొలత ప్రకారం దాణా."

"అమ్మొద్దని మొన్నటినుంచీ ఒకటే ఏడుపు. లారీ ఎక్కకుండా చెయ్యాలని విరేచనాలు పట్టే నేపాళం గింజలు మింగించావు. అంతేనా?"

"నోరెలా వచ్చింది నీకు? నా చేత్తో దానికి నేపాళం పెడతానా?"

పక్కింటి గోడ మీంచి తోడికోడలు బిర్మా తల పైకి లేచింది. "పుట్టింట్లో ఎవరో పోయినట్టు ఏడ్చింది మరిదీ. మా చెవులు చిల్లులు పడ్డాయి."

"నీ చెవులు మా గోడకి తగిలించి పెట్టుకుంటే పడవా అక్కా?" అంది ఖజానీ.

దయాచంద్ చెయ్యెత్తాడు. ఆ చెయ్యి దిగేలోపల డాక్టరు సతబీర్ మోటార్‌సైకిల్ వాకిట్లో ఆగింది.

డాక్టరు గేదె మెడ మీది చర్మాన్ని పట్టి పైకి లాగి వదిలాడు. ముడత అలాగే నిలబడిపోయింది. కళ్ళు గుంటల్లోకి పోయాయి. చెవులు చల్లబడ్డాయి.

"ఒంట్లో నీళ్ళన్నీ పోయాయి. నులిపురుగుల మందు వేశారా?"

"పోయిన నెలే వేశాం డాక్టర్ సాబ్" అంది ఖజానీ.

"బూజు పట్టిన పొట్టు గానీ...?"

"జల్లించకుండా ఏనాడూ వెయ్యను."

డాక్టరు పుల్ల తీసుకుని పేడని కదిపాడు. పగలని గోధుమ గింజలు బయటపడ్డాయి. పిడికెళ్ళకొద్దీ ఉన్నాయి. తొట్టి అంచున గోటితో గీకితే జిగురుగా బెల్లం వచ్చింది.

"నేపాళమూ కాదు, గీపాళమూ కాదు. ఎవరో కడుపు పగిలేలా గోధుమలు పెట్టారు. అలవాటు లేని పశువుకి ఒక్కసారిగా అంత గింజ పడితే పొట్టలో పులిసిపోతుంది. ఆ పులుపు రక్తంలోకి ఎక్కుతుంది. మనకి పైకి కనిపించేది విరేచనాలే. లోపల జరిగేది విషం పెట్టినంత పని."

అందరి కళ్ళూ ఖజానీ మీద పడ్డాయి.

"గోధుమల గాదె ఆవిడ గదిలోనేగా ఉంది!" అంది గోడ మీది తల.

డాక్టరు గొంతు తగ్గించాడు. "భయపడకమ్మా. ఎవరు పెట్టారని నేను అడగటం లేదు. ఎప్పుడు పెట్టారు, ఎంత పెట్టారు? అది తెలిస్తే పొట్ట కోసి గింజలు తీసెయ్యాలో, మందుతో చూడాలో తేల్చుకుంటాను. చూడబోతే టైము లేదు."

"నాకు తెలీదు డాక్టర్ సాబ్. దీని మీద ఒట్టు."

డాక్టరు నిట్టూర్చాడు. ఆయన కూడా నమ్మలేదని ఖజానీకి తెలిసిపోయింది. మొగుడి వైపు చూసింది. దయాచంద్ మొహం గోడకి తిప్పుకుని నిలబడ్డాడు. తన మొహం చూడటానికి కూడా అసహ్యం వేస్తోంది కాబోలు అనుకుంది.

పులుపు విరగటానికి తినేసోడా కలిపిన నీళ్ళు పట్టారు. నరానికి సెలైన్ పెట్టారు. సీసా సగం కూడా కాకముందే మోర్నీ మెడ చాచింది. ఒక్క మూలుగు మూలిగింది. నాలుక పక్కకి వేలాడింది.

డాక్టరు సూది లాగేశాడు. "గంట ముందు తెలిసినా కోసేవాణ్ణి" అన్నాడు ఎవర్నీ చూడకుండా.

సందు చివర లారీ హారన్ మోగింది.

ఖజానీ ఏడవలేదు. మొగుడి ఎదురుగా వెళ్ళి నిలబడింది. "ఇందాక ఎత్తిన చెయ్యి దించావెందుకు? కొట్టు. ఊరంతా నేనే చంపానంటోంది, నువ్వూ ఆ మాట అనేసి కొట్టు."

దయాచంద్ తలపాగా తీశాడు. గేదె తల పక్కన పేడలోనే చతికిలబడ్డాడు.

"నిన్న సందెవేళ నువ్వు పెళ్ళివారింట్లో పాటలకి వెళ్ళావు. మనకా, కూతుళ్ళు లేరు. గడప దాటి పోయేది ఇదొక్కతే. పరాయి ఇంటికి పోయే పిల్లని ఆఖరి పూట చేత్తో తినిపించి పంపాలంటారు కదా... గోధుమల్లో బెల్లం కలిపి పెట్టాను. నా చెయ్యి నాకుతూ తింది. ఇంకా కావాలన్నట్టు చూసింది, ఇంకా పెట్టాను. డాక్టరు ఎంత పెట్టారని అడిగితే నోరు పెగల్లేదు, ఖజానీ. నువ్వు రోజూ కొలిచి పెడతావు. నేను కొలవలేదు."