ఎస్తేరు పేరు తీసేసిన సార్‌కు

సార్ గారూ, నా చేతిరాత వంకర, తప్పులు కూడా దొర్లుతాయి, మన్నించండి.

చురుకైన పిల్లలకని మీరు పెట్టిన కంప్యూటర్ లెక్కల కోర్సులోంచి నా మనవరాలు ఎస్తేరు పేరు తీసేశారు. పరీక్షలో సగం లెక్కలు చాలా బాగున్నాయి, సగం మరీ అధ్వానం, కాబట్టి బాగున్నవి కాపీ అని రాశారు. నంద్యాల నెట్ సెంటర్‌లో అది చదవగానే నా ఒళ్లు మండింది.

"యాడ చూసి రాసినావే, దొంగదానా?" అని అందరి ముందే కొట్టాను.

"నేను చూసి రాయలే జేజినాయనా" అని మాత్రం అంది.

ఆళ్లగడ్డ బస్సులో గుర్తొచ్చింది. కంప్యూటర్ మీద పెట్టిన ఆ పరీక్ష మధ్యలో పిల్ల బయటికి పోతే, టైము అయిపోతుందని పక్కనున్న నేనే తోచిన బటన్లు నొక్కాను. ఆ అధ్వానం లెక్కలు నావి. తెలిసీ అది నా పేరు చెప్పలేదు. నా చెయ్యి పడిపోను!

దాన్ని మళ్ళీ చేర్చుకుని తొందరగా జవాబు రాయండి.