కనుమ దేవుడి రాళ్లు

...నొప్పి కాదు, నొప్పి మీద పెట్టే ధ్యాసే మనిషిని కూలదోస్తుంది అనుకుంటూ, సుబేదార్ లుండుప్ వంగి ఇంకో తెల్లటి గులకరాయి ఏరి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు గస్తీలో తన జవాను నవాంగ్ ధ్యాసంతా కోపం మీదే. ఎదురుగా సరిహద్దు అవతలి దళం. ఒక్క తోపు. నవాంగూ, అవతలి జవానూ పట్టుకున్న చేతులు వదలకుండానే లోయలోకి జారిపోయారు. ఏడేళ్లయింది. ఆ తర్వాత లుండుప్ నడిపిన ఏ గస్తీకీ అవతలివాళ్లు ఎదురుపడలేదు.

"సాబ్, గస్తీకొచ్చారా, రాళ్లేరుకోడానికొచ్చారా?" వెనకనుంచి కెప్టెన్ భుల్లర్ అన్నాడు. అతను లద్దాఖ్ వచ్చి ఆరు వారాలు.

"కనుమ దేవుడికి సార్. వట్టిచేతుల్తో వెళ్తే అలుగుతాడు."

"ఏడేళ్లుగా వాళ్లు మీ కంటపడలేదట. మీరంటే అంత భయమా?"

"గాలి చూసుకుని బయల్దేరతాను సార్. అంతే."

కనుమ మీద రాళ్లగుట్ట, దాని చుట్టూ చిరిగిన ప్రార్థనా జెండాలు. "ల్హా గ్యలో!" అని అందరూ అరిచారు, దేవతలకు జయమని. బండ మీద అవతలివాళ్ల ఖాళీ సిగరెట్ పెట్టె ఉంది. మేమూ వచ్చామన్నట్టు జవాన్లు దాని పక్కన ఖాళీ బఠాణీ డబ్బా పెట్టారు. లుండుప్ మాత్రం గుట్ట మొదట్లోకి తదేకంగా చూశాడు.

"నాలుగో రోజు మళ్లీ వద్దాం," అన్నాడు భుల్లర్. "ఈసారి వాళ్లొచ్చేదాకా కదిలేది లేదు. మొహం మీదే చెప్తాను, ఇది మన నేలని."

లుండుప్ కళ్లముందు లోయలోకి జారుతున్న రెండు జతల బూట్లు మెదిలాయి.

"మన నేలే సార్. కానీ నాలుగో రోజు గాలి మంచిది కాదు. ఆరో రోజు వద్దాం. అందర్నీ క్షేమంగా తీసుకొచ్చి తీసుకెళ్లే పూచీ నాది."

"గాలి మీకు ముందే కబురు పంపుతుందా?"

"నాకు పంపుతుంది సార్."

భుల్లర్ పకపకా నవ్వాడు. "సరే, ఆరో రోజే. మీ మొక్కు కానిచ్చి రండి."

దళం దిగిపోయింది. లుండుప్ మోకాళ్ల మీద కూర్చుని జేబులో చెయ్యి పెట్టాడు.

అవతలివాళ్లు వదిలిన నాలుగు నల్లరాళ్లు తీసేసి, ఆరు తెల్లరాళ్లు పేర్చాడు.