దిష్టి తగిలిన చిలక

ఉయ్యాలకు బొమ్మ చిలకలు కట్టడం పాత అలవాటే. ఇప్పుడా చిలకలు లోపల యంత్రంతో పసివాళ్ల ఊపిరి వింటున్నాయి, అంతే తేడా. జలుబు ముదిరి నిమ్ము చేరుతోందనిపిస్తే అరిచి గోల చేస్తాయి. బంగారమ్మ ఇంటి చిలకైతే సాంబ్రాణి పొగకు దగ్గు వినబడితే చాలు, ఇల్లు పీకి పందిరి వేసేది.

"మా అత్తయినా నన్నిన్ని మాటలననేదు" అని గొణిగేది బంగారమ్మ.

ఒకరోజు పక్కింటావిడ వచ్చి, "మీ చిలక ఎంత బాగా మాటాడతందే!" అని మెచ్చుకుని పోయింది. దిష్టి తగిలిందనుకుంది బంగారమ్మ. మనవడికి కాటుక పెట్టిన చేత్తోనే చిలక బుగ్గకూ ఇంత చుక్క పెట్టింది.

సాయంత్రానికి పిల్లాడు పాలు ముట్టలేదు. "చిలక ఏటీ అననేదు కదత్తా" అంది కోడలు కుమారి. బంగారమ్మ వాడి చొక్కా ఎత్తి చూసింది. పిల్లాడు డొక్కలెగరేస్తున్నాడు.

"దాని నోరు పడిపోతే నా కళ్లు పోనాయేటి? నర్సమ్మని పిలు!"

నర్సు రత్నం పరుగున వచ్చి మందు పట్టింది. తర్వాత చిలక బుగ్గ తుడిచింది. కాటుక కింద సన్నటి బెజ్జం ఉంది. "ఇది దీని చెవి, పిన్నీ!"

చెవి తెరుచుకోగానే చిలక "ఆయాసం! నర్సుని పిలవండి!" అని కేకలు పెట్టింది.

"వచ్చీసింది, ఊరుకో" అంది బంగారమ్మ.

పిల్లాడు కోలుకున్నాక రత్నం మళ్లీ వచ్చింది. చిలక బుగ్గ శుభ్రంగా ఉంది. అనుమానమొచ్చి తిరగేసి చూస్తే అరికాల్లో కాటుక చుక్క!

"కంగారు పడకమ్మా" అంది బంగారమ్మ. "అక్కడ చెవి ఉందేటని దాన్నే అడిగి పెట్టినాను."