మూల కంప్యూటర్ దగ్గరి మనిషి

మా ఆయన పోయాక, యాభై దాటిన వయసులో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. వత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించి సరిచేసుకోండి. నా రాత కూడా నత్త నడకే. ఒక్కో మాట కూడబలుక్కుని రాస్తాను. తొందరపడకుండా చదవండి.

"కార్డు లోపలనే ఉన్నది. లేదంటదేంది?"

రూప తల పట్టుకుంది.

యాకుత్‌పురా స్టేషన్ దగ్గర మేడ మీద బసవయ్య నడిపే ఇంటర్నెట్ సెంటర్ అది. ఫోను తీగ ఉన్న మూల కంప్యూటర్‌లో తప్ప మిగతా నాలుగింటిలో నెట్ రాదు. వాటికి కూడా పంచాలని బసవయ్య ఒక కొత్త కంప్యూటర్ కొన్నాడు. దాంట్లో కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఎక్కించి, మిగతావాటితో కలిపే నెట్‌వర్క్ కార్డును పని చేయించడం రూప పని.

లినక్స్‌కు గుండెకాయ లాంటిది కెర్నల్. దాన్ని తయారుచేసేటప్పుడు ఈ కార్డు డ్రైవర్, అంటే దాన్ని నడిపే ప్రోగ్రాం, కావాలా, ఆ కార్డు డ్రైవర్ కావాలా అని కంప్యూటర్ వరసగా అడుగుతూ పోతుంది. అవుననో కాదనో చెప్పాలి. ఒక్కటి తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. తయారయ్యేసరికి గంటన్నర పడుతుంది.

"డబ్బ మీదున్న పేరు ఆ వరసల లేనే లేదన్నా," అంది రూప.

"గవన్ని నాకెర్క లేదు," అన్నాడు బసవయ్య. "అన్నిట్ల నెట్ అని బోర్డు గూడ రాయించిన. రేపు పొద్దుగూకెదాంక చూస్త. గాకుంటే ఆబిడ్స్ నుంచి వేరేటోన్ని తెచ్చుకుంట. నువ్వు ఇంటికాడ ఉండు."

ఇంటికాడ ఉండటమంటే నాయన భిక్షపతి గెలిచినట్టే. ఆడపిల్లకు కంప్యూటర్లతో పనేందని నెలరోజులు లొల్లి పెట్టినవాడు ఆయన.

నెట్‌లో లినక్స్ నేర్చుకునేవాళ్ల గుంపు ఒకటుంది. ప్రశ్న పంపితే ఎవరో ఒకరు జవాబిస్తారు. రూప తన బాధంతా రాసి, కింద పేరు, ఊరు పెట్టి పంపింది.

అంతలో వెనక ఎవరో నిలబడ్డట్టనిపించింది.

నడివయసు మనిషి. భుజాన గుడ్డసంచి. కార్డు డబ్బా వైపే చూస్తున్నాడు.

"అ... అమ్మా... డ... డబ్..."

"ఏం గావాలె అంకుల్? జర జల్ది చెప్పుండ్రి. నెట్టా?"

ఆయన పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. నెట్ కోసం కూర్చున్న కుర్రాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన మొహం ఎర్రబడింది. వేలితో మూల కంప్యూటర్ చూపించి, వెళ్లి కూర్చున్నాడు.

చాలాసేపు కూర్చున్నాడు.

ఆయన లేచి వెళ్లాక రూప చూసుకుంటే, జవాబు వచ్చి ఉంది.

"రూపగారికి, డబ్బా మీది పేరు వదిలెయ్యండి. కార్డు బయటికి తీసి నల్లటి చిప్ మీద ఏముందో చదవండి. ఆ పేరుకే డ్రైవర్ పెట్టండి. వైకుంఠం."

అలాగే చేసింది. గంటన్నర తర్వాత తెర మీద మొదటిసారి కార్డు కనిపించింది.

"అన్నా, దొరికింది!"

"ఎవలు చెప్పిన్రు?"

"వైకుంఠం సారట. ఏ బెంగుళూరులనో పెద్ద ఆఫీసుల ఉంటడేమో. ఇగ ఫికర్ చెయ్యకు."

ఫికర్ తీరలేదు. కార్డు కనిపిస్తోంది, తీగ బిగించి ఉంది, కానీ పక్క కంప్యూటర్ ఎంత పిలిచినా పలకదు. మళ్లీ చూస్తే ఆ చిప్ పేరు కింద ఇంకో నాలుగు చిన్న ప్రశ్నలు. దేనికి అవుననాలో, దేనికి కాదనాలో అర్థం కాలేదు. రాత్రంతా అవే ప్రశ్నలు కళ్లలో తిరిగాయి.

మర్నాడు మళ్లీ గుంపుకు రాసింది. మధ్యాహ్నం దాటినా జవాబు లేదు.

గుడ్డసంచి మనిషి వచ్చాడు. మళ్లీ మూల కంప్యూటరే. ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు ఆగి ఆగి కొడుతున్నాడు.

ఎండ మెట్ల మీది నుంచి దిగిపోతోంది. ఇంకొక్కసారి కెర్నల్ తయారుచెయ్యడానికే టైముంది.

"ఏమాయె నీ వైకుంఠం సారు?" అన్నాడు బసవయ్య.

"చూస్తె గదా తెలిసేది! ఈ అంకుల్ లేస్తలేడు."

రూప వెళ్లి ఆయన కుర్చీ పట్టుకుంది.

"ఇగ లేవుండ్రి అంకుల్. నాకు జరూరు పనుంది."

"ఒ... ఒక్... ఒక్క..."

"ఒక్క నిమిషం అంటరు, గంట కూసుంటరు!"

ఆయన తెర వైపు చూపించాడు. తర్వాత ఆమె వైపు చూపించాడు. మళ్లీ తెర వైపు.

"ఒ... ఒ... ఒక్క," అని వెనక నుంచి ఒక కుర్రాడు వెక్కిరించాడు. అందరూ నవ్వారు. రూపకు కూడా నవ్వొచ్చింది.

ఆయన చెయ్యి దించాడు. సంచి భుజానికి తగిలించుకుని, ఎవరి వైపూ చూడకుండా మెట్లు దిగి స్టేషన్ వైపు వెళ్లిపోయాడు.

రూప గబగబా కూర్చుంది. ఆయన రాసుకుంటున్నది మూయకుండానే పోయాడు. విసుక్కుంటూ మూయబోయి, ఆగిపోయింది.

మొదటి మాట, రూపగారికి.

"కార్డు దొరికిందని అన్నగారితో మీరు అరిచినప్పుడు రైలు కోసం మెట్ల కిందే ఉన్నాను, సంతోషమేసింది. ఆ నాలుగు ప్రశ్నల్లో మూడింటికి కాదనండి. అవుననాల్సింది ఒక్కదానికే. అది"

స్టేషన్‌లో రైలు కూత వేసి కదిలింది.

"జవాబొచ్చిందా బిడ్డా?" వెనక నుంచి అడిగాడు బసవయ్య.

ఆ ఆగిపోయిన మాట పక్కన చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది, పైన పంపేవారి పేరు దగ్గర వైకుంఠం అని ఉంది.

— ఆండాలు, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉంటున్నది ఉప్పుగూడలో.