నది వైపు కిటికీ

"తొమ్మిది వందల నాలుగో గది ఇచ్చేశారా?" అంది రిసెప్షనిస్టు సొరుగు వైపు చూస్తూ.

"కంప్యూటర్లో ఖాళీ అని చూపించింది, ఇచ్చేశాను. ఆరుగురు పిల్లలతో దిగారు. ఈపాటికి కిటికీకి అతుక్కుపోయుంటారు," అన్నాడు పక్క కౌంటర్లోని సీనియర్ తాపీగా.

ఆ గదిని ఆమె నెల కిందటే ఫోన్‌లో ఒక పెద్దావిడకు ఖాయం చేసింది. చీటీ మీద రాసి సొరుగుకు అంటించింది. కంప్యూటర్లో ఎక్కించడం మాత్రం మరిచిపోయింది. పచ్చ చీటీ ఇంకా అక్కడే ఉండి ఆమెను వెక్కిరిస్తోంది.

మూడు రోజుల సెలవు. ఇవాళ రాత్రి ఎనిమిదింటికి నది మధ్యలో పడవ మీంచి బాణసంచా కాలుస్తారు. నది వైపు గదులు ఎప్పుడో నిండిపోయాయి. మొత్తం హోటల్లో మిగిలింది ఒక్కటే, రెండో అంతస్తులో లాండ్రీ పక్క గది. కిటికీ లేదు. బట్టలుతికే మిషన్లు గోడ అవతల ఇరవై నాలుగ్గంటలూ రొద పెడుతూనే ఉంటాయి. కునుకు తీయడానికి సిబ్బంది కూడా అటు పోరు.

"ఇంకొక్క ఫిర్యాదు వచ్చిందంటే నువ్వు ఇంటికే," అని మేనేజరు పోయిన వారమే చెప్పాడు. ఈ ఉద్యోగం పోతే ఆమె ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

"ఆ పిల్లల వాళ్లని గది మారమని అడుగుదామా?"

"అడుగు. ఆరుగురినీ కిటికీ దగ్గర్నుంచి నువ్వే లాగాలి మరి."

ఆమెకు కాలు నిలవలేదు. చీటీ పీకింది, మళ్లీ అంటించింది, గడియారం చూసింది. పెద్దావిడ నెల రోజుల్లో ఐదుసార్లు ఫోన్ చేసింది. ఆ మాటలన్నీ ఇప్పుడు చెవుల్లో గింగురుమంటున్నాయి.

"నది ఎటువైపు తల్లీ?"

"మీ కిటికీకి ఎదురుగానేనమ్మా!"

"ఆ కిటికీ గట్టిగా మూసుకుంటుందా? కర్టెన్లు మందంగా ఉంటాయా?"

"మూసే పనేముందమ్మా! మంచం మీంచే అంతా కనిపిస్తుంది."

"అది కాదు తల్లీ... మా ఇల్లు రేవు పక్కనే. ఆ రోజు ఇంట్లో ఉండలేం, అందుకని..."

"రేవు దగ్గర తొక్కిసలాట కదమ్మా, నాకు తెలీదూ! మీరు నిశ్చింతగా రండి."

ఎదుటివాళ్ల మాట సగంలో అందుకుని తనే పూర్తి చేయడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. మేనేజరు దగ్గరికెళ్లిన ఫిర్యాదుల్లో సగం దాని పుణ్యమే.

ఆరుంపావుకు వాళ్లు రానే వచ్చారు. పెద్దావిడ చేతిలో చిన్న సంచీ. వెనక పొడుగ్గా, వంగిన మెడతో ఆవిడ భర్త. కుడిచెయ్యి కోటు జేబులోంచి తీయడం లేదు. గడియారం చూస్తున్నాడు, తలుపు చూస్తున్నాడు, మళ్లీ గడియారం చూస్తున్నాడు. లిఫ్టు దగ్గర మేనేజరు నిలబడ్డాడు. నవ్వు అతిథుల మీద, చూపు రిసెప్షనిస్టు మీద.

"అమ్మా, తప్పు నాదే," అనేసింది ఒక్క గుక్కలో. "మీ గది వేరేవాళ్లకు వెళ్లిపోయింది. ఇప్పుడున్నది వెనకవైపు గది ఒక్కటే. దానికి కిటికీ లేదు."

"కిటికీ లేదా?"

"లేదమ్మా."

"అసలే లేదా?"

"గాలి కోసం గొట్టం ఉందంతే."

"బయటి చప్పుడు వినపడుతుందా?"

"బయటిదెక్కడమ్మా! పక్కనే లాండ్రీ మిషన్లు. గదిలో మనిషి మాటే వినపడదు."

పెద్దావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. అయిపోయింది అనుకుంది రిసెప్షనిస్టు. మేనేజరు ఇటే వస్తున్నాడు.

బయట ఎక్కడో ఢాం మని ఒకటి పేలింది. అద్దాలు అదిరాయి. పెద్దాయన గిరుక్కున తలుపు వైపు తిరిగాడు.

"ఆలస్యంగా పేలింది," అన్నాడు.

"ముందుగా ఒకటి కాల్చి చూసుకుంటున్నారంతే. మీరు ఇటు రండి," అంటూ పెద్దావిడ ఆయన కోటు పట్టుకుని లాగింది.

"ఏమైనా ఇబ్బందా మేడమ్?" అన్నాడు మేనేజరు.

"ఇబ్బందా! బంగారం లాంటి పిల్ల!" పెద్దావిడ కౌంటర్ మీంచి రిసెప్షనిస్టు చేతులు రెండూ పట్టుకుంది. "నెల రోజులుగా నేను అడగాలని చూస్తున్నది ఆ గదే. త్వరగా ఇవ్వు తల్లీ!"

మేనేజరు వచ్చిన దారినే వెళ్లిపోయాడు. రిసెప్షనిస్టుకు ప్రాణం లేచొచ్చింది. ఊరంతా కిటికీ కోసం కొట్టుకు చస్తుంటే వీళ్లకిదేం కోరిక? "ఎందుకమ్మా?" అని అడిగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, నోరు మూసుకుని జవాబు కోసం ఆగింది.

తాళం కోసం పెద్దాయన జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. ఆ చేతికి బొటనవేలూ చిటికెనవేలూ తప్ప మిగతా వేళ్లు లేవు.

"ముప్పై ఏళ్లు ఆ పడవ మీద బాణసంచా కాల్చింది ఈయనే," అంది పెద్దావిడ. "వేళ్లు పోయిన రోజు కూడా నవ్వుతూనే ఇంటికొచ్చారు. ఇవాళ ఆ పడవ ఎక్కింది, తల్లీ, మా అబ్బాయి."