సర్వర్‌కి తెలియనివ్వకండి

మేం రాస్తున్న సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పని ఒక్కటే. డిస్కుని ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలోంచి లాక్కుని, నేరుగా మన ప్రోగ్రాం చేతిలో పెట్టడం. మధ్యలో ఎవరి పెత్తనమూ ఉండదు కాబట్టి పని చకచకా అవుతుంది.

పరీక్ష కోసం ఒక డిస్కుని అలా లాక్కుని, మొత్తం తుడిచేశాను. డిస్కు నంబర్లో ఒక్క అంకె తప్పు కొట్టాను. తుడిచింది ఖాళీ డిస్కుని కాదు, ఆఫీసు సర్వర్ కాపురముంటున్న డిస్కుని!

అయినా సర్వర్ ఆగలేదు. మెమరీలో ఉన్నదాంతోనే నిక్షేపంగా నడుస్తోంది. డిస్కు పోయిన సంగతి పాపం దానికి తెలియదు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "దాన్నేమీ అడక్కండి," అన్నాడు గుసగుసగా. "అడిగితే డిస్కు కోసం వెతుక్కుంటుంది. లేదని తెలిసిందో, అక్కడికక్కడే కూలబడుతుంది."

అప్పట్నుంచి సర్వర్ ఉన్న గదిలో అందరం మునివేళ్ళ మీద నడుస్తున్నాం. అకౌంట్స్ అక్కయ్య రోజూ సర్వర్ని తొంగిచూసి కళ్ళొత్తుకుంటుంది. ఈమధ్య నన్ను చూసినా ఒత్తుకుంటోంది. దానికి తోడు నా కార్డుకి గేటు తెరుచుకోవడం లేదు. "మెషిన్ పాడైంది సార్," అంటూ వాచ్‌మన్ తనే తీస్తున్నాడు.

మూడు వారాలయ్యాక, టీ గది బయట మేనేజరు గొంతు వినబడింది.

"ఉద్యోగం తీసేసిన సంగతి ఆ అబ్బాయికి ఎవరూ చెప్పకండి. తెలియనంతకాలం నిక్షేపంగా పనిచేస్తాడు."

నేను ఎవర్నీ ఏమీ అడగలేదు. మునివేళ్ళ మీద నడుచుకుంటూ సీటుకెళ్ళి, మిగిలిన కోడ్ రాయడం మొదలుపెట్టాను.